డప్పు ఎవరి కోసం మోగాలి?

రాజకీయం ఎటు పోతుందో తెలుసుకోవాలంటే ఎన్నికల ఫలితాల దాకా ఆగనక్కరలేదు. పెళ్లి ఊరేగింపులో ఏ పాట పెడుతున్నారో, కాలేజీ కుర్రాడు రీల్ కింద ఏ పాట అతికిస్తున్నాడో, చావు ఇంటి ముందు డప్పు ఎవరు కొడుతున్నారో చూస్తే చాలు. కోయంబత్తూరు, మదురై ప్రాంతాల్లో తరతరాలుగా ఉంటున్న తెలుగు ఇళ్ల విషయంలో ఈ మాట మరీ నిజం. ఆ వీధుల్లో ఈ ముప్ఫై ఏళ్లలో వచ్చిన మార్పు చట్టసభ కంటే ముందు డప్పు మీద వినిపించింది. ఆ మోత మన సంఘాలకు ఏం చెబుతోందో ఈ సంచికలో ఆలోచిద్దాం.

ముందుగా ఒక సంగతి. అక్కడి "తెలుగువారు" అంటే ఒక్కరు కాదు. నాయక రాజులు 1529 నుంచి 1736 వరకు మదురైని ఏలారు. ఆ కాలంలో దక్షిణానికి వెళ్లిన సైనికులు, రైతులు, వర్తకుల వారసులు నేటికీ ఇంట్లో తెలుగు మాట్లాడుతున్నారు. వారిలో కమ్మవారు, బలిజలు, రాజకంబళం నాయకర్లు ఉన్నారు. కోయంబత్తూరు మిల్లుల చరిత్రలో, ఇంజనీరింగ్ పరిశ్రమ చరిత్రలో తెలుగు పేర్లు పెద్ద అక్షరాలతో కనిపిస్తాయి. 2025 అక్టోబరులో అవినాశి రోడ్డు మీద ప్రారంభించిన 10.1 కిలోమీటర్ల ఫ్లైఓవర్‌కు జి.డి. నాయుడు పేరే పెట్టారు. అదే రోడ్డును తెల్లవారుజామున ఊడ్చేవారిలో, అదే నగరపు మురుగు కాలవల్లోకి దిగేవారిలో చాలామంది ఇళ్లలోనూ తెలుగే మాట్లాడతారు. వారు అరుంధతియార్లు. ఆంధ్ర, తెలంగాణల్లోని మాదిగ సోదరులకు దగ్గరి బంధువుల్లాంటివారు. తోలు పని, పారిశుద్ధ్యం పని, డప్పు: ఈ మూడూ వారి మీద కులం మోపిన బరువులు. ఒకే భాష మాట్లాడే ఇద్దరిలో ఒకరి పేరు వంతెన మీదికెక్కింది, మరొకరు ఆ వంతెన కింద చీపురు పట్టుకున్నారు. భాష ఒక్కటైనంత మాత్రాన బతుకు ఒక్కటి కాదు.

కళ విషయంలోనూ ఇదే తేడా. రాజకంబళం నాయకర్ల దేవరాట్టం వారి ఇంటి గౌరవం. అరుంధతియార్ల చేతిలోని పరై, అంటే మన డప్పు, మాత్రం వారి మెడకు వేసిన పలుపుతాడు. ఊళ్లో చావు జరిగితే పిలవడం ఉండదు, కబురు వస్తుంది. వెళ్లకపోతే దండన. వెళ్తే చేతిలో పెట్టేది కొద్దిపాటి డబ్బు, కాస్త సారాయి. తోలు ముట్టినవాడు అంటరానివాడు, ఆ తోలు మీద పుట్టిన మోత మాత్రం ఊరందరికీ కావాలి.

అందుకే తమిళనాడులో ఎన్నో పేటల్లో దళితులు "ఇకమీదట చావుకు డప్పు కొట్టం" అని తేల్చి చెప్పారు. కొన్నిచోట్ల డప్పులు తగలబెట్టారు. ఇది కళ మీద ద్వేషం కాదు, వెట్టి మీద తిరుగుబాటు. ఇంకోవైపు క్రైస్తవులైనవారు కూడా డప్పు వదిలేశారు. అది జాతరలది, విగ్రహాలది, పాత బతుకుది అని వారికి బోధించారు. గుడిలోకి హార్మోనియం వచ్చింది, తర్వాత కీబోర్డు వచ్చింది. డప్పు బయటే ఉండిపోయింది. ఇలా ఒకే వాయిద్యాన్ని ఒకరు ఆత్మగౌరవం కోసం, ఇంకొకరు పరిశుద్ధత కోసం వదిలారు. ఇద్దరి మనసులోనూ ఒకటే మాట నాటుకుంది: మన చేతిలో ఉన్నది నీచమైనది.

ఈ మాటను ఎదిరించినవారిలో ముందుగా గుర్తుచేసుకోవలసినవాడు మదురైకి చెందిన ఒక దైవసేవకుడే. మదురైలోని తమిళనాడు థియోలాజికల్ సెమినరీలో బోధించిన జేమ్స్ థియోఫిలస్ అప్పావూ (1940–2005) పల్లె జనం బాణీల్లో, పల్లె తమిళంలో ఆరాధన పాటలు కట్టాడు. కర్ణాటక సంగీతమో పాశ్చాత్య సంగీతమో అయితేనే దేవునికి తగినదనే అలవాటును ఆయన ప్రశ్నించాడు. జానపద వాయిద్యాలను ఆరాధనలోకి తెచ్చాడు. అందరూ ఒకే కుండలో వండుకొని కలిసి తినడం ఆయన వేదాంతానికి గుండెకాయ. బల్ల దగ్గర సమానం కానివాళ్లు పాటలో సమానమవుతారా అన్నది ఆయన అడిగిన ప్రశ్న. మదురైకి పొరుగునున్న దిండిగల్‌లో ఒక కాథలిక్ సన్యాసిని నడిపించిన శక్తి బృందంలో దళిత యువతులు పరై పట్టుకొని వేదికలెక్కారు. మగవాళ్లదే అనుకున్న వాయిద్యం ఆడపిల్లల భుజానికెక్కింది. చావుకు మాత్రమే అనుకున్న మోత హక్కుల సభల్లో వినబడింది.

ఆ తర్వాతి తరం దీన్ని నగరానికి తెచ్చింది. 2018 జనవరిలో దర్శకుడు పా. రంజిత్ పూనికతో చెన్నైలో కాస్ట్‌లెస్ కలెక్టివ్ బృందం తొలి ప్రదర్శన ఇచ్చింది. గానా పాట, ర్యాప్, రాక్, పరై అన్నీ ఒకే వేదిక మీద కలిశాయి. రిజర్వేషన్ల గురించి, మురుగు కాలవల్లో చనిపోయేవారి గురించి కుర్రాళ్లు పాడారు. ఆ బృందంలోంచి వచ్చిన అరివు 2021 మార్చిలో గాయని ధీతో కలిసి పాడిన "ఎంజాయ్ ఎంజామి" పాటను కోట్లాది మంది విన్నారు. శ్రీలంక తేయాకు తోటల్లో చాకిరీ చేసి, తిరిగొచ్చాక కూడా సెంటు భూమి లేక బతికిన తన అమ్మమ్మ కథలోంచి ఆ పాట పుట్టిందని అరివు చెప్పాడు. కానీ అదే సంవత్సరం ఒక పెద్ద సంగీత పత్రిక తన ముఖచిత్రం మీద ఆ పాటను పొగుడుతూ అరివు ముఖాన్ని మాత్రం వేయలేదు. రంజిత్ బహిరంగంగా ప్రశ్నించాకే పెద్ద చర్చ జరిగింది. పాట కావాలి, పాడినవాడు వెనకుండాలి. చావింటి వాకిట్లో జరిగిందే పత్రిక ముఖచిత్రం మీదా జరిగింది.

2025లో మదురై జిల్లా అలంగానల్లూరుకు చెందిన పరై కళాకారుడు వేలు ఆశాన్‌కు పద్మశ్రీ వచ్చింది. నేడు కోయంబత్తూరులో, మదురైలో కులంతో సంబంధం లేకుండా విద్యార్థులు పరై నేర్చుకుంటున్నారు. సంతోషమే. కానీ ఐటీ ఉద్యోగి వారాంతంలో పరై కొడితే అది కళ, పేటలోని కుర్రాడు కొడితే అది కులం అయినంతకాలం పని సగమే అయినట్టు.

ఇక్కడ యువతకు ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. పాట దానంతటదే ఎవరినీ విడిపించదు. సంకెళ్లు వేయడానికీ పాట పనికొస్తుంది. 1992 నాటి "తేవర్ మగన్" సినిమాలోని ఒక పాట దక్షిణ జిల్లాల్లో కుల గర్వానికి జెండాగా మారింది. 2023లో మారి సెల్వరాజ్ తీసిన "మామన్నన్" సినిమా కుల అహంకారాన్ని ఖండించింది. అయితే అది ఓటీటీలోకి రాగానే కొందరు కుర్రాళ్లు అందులోని కులోన్మాది పాత్రకే తమ కులాల పాటలు జోడించి వీడియోలు చేసి అతన్ని హీరోను చేశారు. కొంగు నేలమీది వల్లి కుమ్మి అందమైన ఆట. ఒకప్పుడు మగవాళ్లకే పరిమితమైన ఆ ఆటను మహిళలకు నేర్పిన కోయంబత్తూరు గురువు భద్రప్పన్‌కు 2024లో పద్మశ్రీ ఇచ్చారు. అలాంటి వల్లి కుమ్మి వేదిక మీదే సొంత కులంలోనే పెళ్లి చేసుకుంటామని ఆడపిల్లల చేత ప్రమాణం చేయించిన ఘటన విమర్శలకు గురైంది. ఒకే ఆట ఒక చేతిలో తలుపు తెరిచింది, ఇంకో చేతిలో గడియ పెట్టింది.

ఆ గడియ ఖరీదు ప్రాణాలు. 2015 జూన్‌లో దళిత ఇంజనీరింగ్ విద్యార్థి గోకుల్‌రాజ్‌ను చంపారు. ఆధిపత్య కులానికి చెందిన సహ విద్యార్థినితో మాట్లాడటమే అతడు చేసిన నేరం. ప్రధాన నిందితుడు పరారీలో ఉండి కూడా వాట్సాప్‌లో గొంతు వినిపిస్తూ కొందరు యువకులకు వీరుడయ్యాడు. 2022 మార్చిలో మదురైలోని ప్రత్యేక న్యాయస్థానం అతనితో సహా పదిమందిని దోషులుగా తేల్చింది. 2023లో నాంగునేరిలో ఒక దళిత విద్యార్థిపై తోటి విద్యార్థులే కత్తులతో దాడి చేశారు. దాని తర్వాత నియమించిన జస్టిస్ చంద్రు కమిటీ, కులాన్ని చాటే రంగుల చేతి పట్టీలను బడుల్లో నిషేధించాలని 2024 జూన్‌లో సిఫారసు చేసింది. పిల్లల మణికట్టు మీదికి కులం ఎక్కిందంటే, చెవిలోకి ఏ పాటతో ఎక్కిందో పెద్దలు అడగాలి కదా!

ఈ మోతల వెనుక చట్టం కూడా కదిలింది. తెలుగు నేలమీద 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన మాదిగ ఉద్యమానికి "దండోరా" అనే పేరే ఎందుకు నిలిచింది? ఊరికి కబురు చాటే డప్పు మోతను తమ కబురు చాటడానికి వాడుకున్నారు కాబట్టి. తమిళనాడులో అరుంధతియార్ల పోరాట ఫలితంగా 2009లో షెడ్యూల్డ్ కులాల 18 శాతంలో వారికి 3 శాతం ప్రత్యేకంగా కేటాయించారు. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం 6–1 మెజారిటీతో వర్గీకరణ చెల్లుతుందని తీర్పు చెప్పింది. 2025లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లు కూడా ఆ దారిలో నడిచాయి. కోయంబత్తూరు పేటలో పుట్టిన అమ్మాయి డాక్టరు కావడానికి ఆ 3 శాతం ఒక ద్వారం.

అయితే ఆ అమ్మాయి క్రైస్తవురాలైతే? 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఆమె షెడ్యూల్డ్ కులం కాదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరిచారు. క్రైస్తవ, ముస్లిం దళితులకు తెరవలేదు. తమిళనాడులో ఆమెను వెనుకబడిన తరగతుల్లో చేర్చుతారు. బాప్తిస్మం తీసుకున్నా పేట మారదు, చేతిలో చీపురు మారదు, ఊరివాళ్ల చూపు మారదు. మారేది సర్టిఫికెట్ మాత్రమే. అందుకే ఎంతోమంది యువతీ యువకులు ఆదివారం ఒక పేరుతో, ఆఫీసులో ఇంకో పేరుతో బతుకుతున్నారు. వారిని విశ్వాసం లేనివారని తిట్టడం తేలిక. ఆ ఉత్తర్వును ప్రశ్నిస్తూ వారి పక్కన నిలబడటం కాపరి పని.

పైగా తమిళ జాతీయవాదం పేరుతో వీరిని "వచ్చినవాళ్లు" అనడం పెరిగింది. 2023 ఈరోడ్ తూర్పు ఉప ఎన్నిక ప్రచారంలో ఒక నేత అరుంధతియార్లు నాయకుల కాలంలో పారిశుద్ధ్య పనికి వచ్చినవారని మాట్లాడి కేసు ఎదుర్కొన్నాడు. వారు ఎప్పుడు వచ్చారు, అసలు వచ్చారా అన్న దానిపై చరిత్రకారుల మధ్య వాదన ఉంది. ఆ వాదన ఎటు తేలినా, ఒక మనిషి గౌరవం అతని తాత ఏ ఏట వచ్చాడన్న దాని మీద ఆధారపడదు. 2019 డిసెంబరు 2న కోయంబత్తూరు జిల్లా మేట్టుపాళయం దగ్గర నాడూరులో, ఒక సంపన్నుడి ఇంటికి కట్టిన ఎత్తైన గోడ వానకు కూలి పక్కనున్న అరుంధతియార్ ఇళ్ల మీద పడింది. 17 మంది చనిపోయారు. ఆ గోడ వారి మాతృభాష ఏదని అడగలేదు. దాన్ని కట్టించింది కులమేనని పేటవాళ్లు నిలదీశారు.

మరి మన ఆరాధన మాటేమిటి? వాక్యంలోకి వెళ్దాం. ఎర్ర సముద్రం దాటాక మిర్యాము, ఆమె వెంట స్త్రీలు "తంబురలు" పట్టుకొని నాట్యమాడారని నిర్గమకాండం 15వ అధ్యాయం చెబుతోంది. మనకు తంబుర అంటే తీగల వాయిద్యం గుర్తొస్తుంది. కానీ మూలభాషలో ఉన్న "తోఫ్" తీగలది కాదు, గుండ్రని చట్రానికి తోలు బిగించి చేత్తో వాయించేది. అంటే మన డప్పుకు దగ్గరి చుట్టం. 150వ కీర్తనలో దేవుని స్తుతించమని చెప్పిన వాయిద్యాల్లోనూ అదే ఉంది. వెట్టి నుంచి విడుదలైన బానిసల మొదటి ఆరాధన తోలు వాయిద్యం మీద జరిగింది. దాన్ని అపవిత్రం అన్నది కులమే గానీ దేవుడు కాదు.

అలాగని రేపు ప్రతి సంఘంలో డప్పు తెచ్చి పెట్టమని మేము చెప్పడం లేదు. చావు డప్పు కొట్టి అవమానపడ్డ తండ్రికి ఆ మోత వింటే ఇంకా గాయం రేగుతుంది. "నా కొడుకు దాన్ని ముట్టకూడదు" అని ఆయన అంటే ఆ మాటలో చరిత్ర ఉంది. "నాన్నా, ఇది మన కళ" అని కొడుకు అంటే అందులోనూ న్యాయం ఉంది. సంఘం ఈ ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టాలి. డప్పు పట్టాలో వద్దో తేల్చుకునే హక్కు ముందు ఆ చేతులదే.

కాబట్టి మా విన్నపాలు ఇవి. యౌవనస్థుల కూడికల్లో పాట నేర్పే ముందు ఆ పాట ఎవరిని లేపుతుందో, ఎవరిని తొక్కుతుందో చర్చించండి. మీ ఫోన్లలోని కుల గర్వపు వీడియోలను, అవి మీ సొంత కులానివైనా సరే, ముందుకు పంపకండి. డప్పు కళాకారుడిని ఆరాధనకు పిలిస్తే గిటారు వాయించేవాడితో సమానంగా కుర్చీ, భోజనం, కానుక ఇవ్వండి. చావు ఇంట్లో వెట్టి డప్పు ఇంకా నడుస్తున్న ఊరుంటే అక్కడ కాపరి నోరు తెరవాలి. దళిత క్రైస్తవుల హోదా విషయమై ప్రతి సంఘం తన శాసనసభ్యుడికి, పార్లమెంటు సభ్యుడికి విజ్ఞాపన ఇవ్వాలి. ఆంధ్ర, తెలంగాణల సంఘాలు కోయంబత్తూరు, మదురై పేటల్లోని తెలుగు విశ్వాసులతో రాకపోకలు పెట్టుకోవాలి. పుస్తకాలు, కాపరులు, స్కాలర్‌షిప్‌లు సరిహద్దు దాటాలి.

న్యాయం లేని చోట పాటల ధ్వని నాకు వద్దని, న్యాయం నీళ్లలా పారాలని దేవుడు ఆమోసు ప్రవక్త నోట పలికించాడు. మన సంగీతం ఎంత బాగున్నా ఆయన వినేది దాని వెనకున్న బతుకును. డప్పు మంట మీద కాగితేనే శ్రుతిలోకి వస్తుంది. యువతా, మీరు కాగుతున్న ఈ కాలం వృథా కాకూడదు. మోగండి, కానీ ఎవరి కోసం మోగుతున్నారో మరువకండి.