ఏరు దాటాక బోడి మల్లన్న

రిలీజ్ అయిన మర్నాడు పొద్దున్నే వచ్చే మెయిలు మీరంతా చదివే ఉంటారు. ఈ ఘన విజయానికి కారకులైన ఫలానా వైస్ ప్రెసిడెంటు గారికి, ఫలానా డెలివరీ మేనేజరు గారికి అంటూ నాలుగు పేర్లు, చివర్లో "అలాగే టీమ్ మొత్తానికి" అని ఒక ముక్క. దాని కింద ఇరవై మంది రిప్లై ఆల్ కొట్టి "కంగ్రాట్స్", "గ్రేట్ జాబ్". రాత్రి రెండింటికి కాల్‌లో ఆ నలుగురిలో ఎవరైనా ఉన్నారా అంటే... ఉండరు. ఉన్నవాళ్ళంతా ఆ "అలాగే"లో ఉన్నారు.

నాకు ఈ మెయిళ్ళంటే ఒళ్ళు మంట. పేరూ, చేసిన పనీ చెప్పని థాంక్స్ అసలు థాంక్సే కాదని నా వాదన. అది మర్యాదగా మర్చిపోవడం, అంతే.

ఒక సంగతి చెప్తాను. నేను ఇదివరకు పనిచేసిన ఒక కంపెనీలో, ఒక ఇన్సూరెన్సు క్లయింటు ప్రాజెక్టు. గో-లైవ్‌కి ముందు రాత్రి మా టెస్టర్ అమ్మాయి, చేరి ఏడాది కూడా కాలేదు, ఎందుకో 25వ తేదీ వేసి చూసింది. రికార్డు రిజెక్ట్ అయింది. తవ్వితే తేలిందేంటంటే, మేం రోజు/నెల అని పంపుతుంటే అవతలి సిస్టం నెల/రోజు అని చదువుతోంది. మా టెస్ట్ డేటాలో తేదీలన్నీ 12 లోపే ఉండటంతో అప్పటిదాకా అన్నీ పాస్! ఏప్రిల్ 3 కాస్తా మార్చి 4 అయిపోతున్నా ఎవరికీ తెలీలేదు. అలాగే లైవ్‌కి వెళ్ళుంటే ఎంతమంది ప్రీమియం గడువు తేదీలు తారుమారయ్యేవో ఊహించుకోండి. తెల్లారేసరికి సరిచేశాం. పొద్దున్న మెయిల్లో నాలుగు పేర్లు వచ్చాయి. ఆ అమ్మాయి పేరు లేదు. రెండు నెలల తర్వాత పేపర్లు పెట్టింది. "బెటర్ ఆపర్చునిటీ" అని రాసుకున్నారు హెచ్ఆర్ వాళ్ళు.

ఇది ఒక్క కంపెనీ జబ్బు కాదు. జరగని ప్రమాదానికి చప్పట్లు పడవు, మన వృత్తి ఖర్మ అది. మన తెలుగువాళ్ళు చాలామంది అమెరికా విమానం ఎక్కింది వైటూకే పుణ్యమా అని. ఏళ్ళ తరబడి కూర్చుని రెండంకెల సంవత్సరాలన్నీ వెతికి సరిచేస్తే, 2000 జనవరి 1 మామూలుగా తెల్లారింది. అప్పుడు లోకం ఏమంది? "ఏమీ జరగలేదుగా, అంతా ఉత్త హడావిడి" అంది. 2014లో హార్ట్‌బ్లీడ్ బయటపడేదాకా, ఇంటర్నెట్‌లో అంతమంది వాడుకునే ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌కి ఏడాదికి వచ్చే విరాళాలు సుమారు 2000 డాలర్లు. దాని మీద పూర్తికాలం పనిచేసే మనిషి ఒక్కడు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

ఇక రెండో రకం వాళ్ళున్నారు. వీళ్ళకి కృతజ్ఞత అంటే భలే ఇష్టం, ఎందుకంటే ఖర్చు లేదు కాబట్టి. ఆడమ్ గ్రాంట్, ఫ్రాన్సెస్కా జీనో 2010లో ఒక పరిశోధన ప్రచురించారు. ఫోన్లు చేసి విరాళాలు అడిగే ఉద్యోగులకి వాళ్ళ డైరెక్టరు స్వయంగా వచ్చి థాంక్స్ చెప్తే, తర్వాతి వారం వాళ్ళు చేసిన కాల్స్ 50 శాతానికి పైగా పెరిగాయట. మంచిదే. కానీ మన మేనేజర్లకి ఇందులో కనపడేది ఆ 50 శాతమే! వెంటనే గోడకి రంగు కాగితాలు, పాయింట్లు, ఎవరూ నొచ్చుకోకుండా వంతులవారీగా "స్టార్ ఆఫ్ ది మంత్". "జీతం ఇస్తున్నాంగా, మళ్ళీ థాంక్స్ ఎందుకు?" అనేవాడు ఒక రకం అయితే, "థాంక్స్ చెప్పాంగా, మళ్ళీ హైక్ ఎందుకు?" అనేవాడు ఇంకో రకం. నన్నడిగితే ఇద్దరూ ఒక్కటే.

"థాంక్స్ చెప్పడం మన సంస్కృతి కాదండీ, తెల్లవాళ్ళ పద్ధతి" అని మరో సమర్ధన. ఒప్పుకుంటా, అమ్మకి థాంక్స్ చెప్తే "ఏమైందిరా నీకు?" అంటుంది. కానీ "సమయానికి దేవుడిలా వచ్చావు", "నీ పుణ్యమా అని పిల్లాడి ఫీజు కట్టగలిగాం" అన్నది మనవాళ్ళు కాదూ? అందులో ఏం చేశావో, దాని వల్ల ఎవరు గట్టెక్కారో రెండూ ఉంటాయి. అసలు ఆ మాటలోనే ఉంది బాసూ... కృతం అంటే చేసినది, జ్ఞ అంటే తెలిసినవాడు. చేసినదేంటో తెలిసినవాడే కృతజ్ఞుడు. ఎవరేం చేశారో తెలీకుండా పంపే మెయిల్లో కృతజ్ఞత ఎక్కణ్ణుంచి వస్తుంది?

నేను లీడ్ అయ్యి రెండేళ్ళయింది, టీమ్‌లో ఏడుగురు. శుక్రవారం సాయంత్రం ఒక పావుగంట దీనికే. ఒక మనిషికి రెండు లైన్లు: ఏ రోజు, ఏ పని, దాని వల్ల ఎవరికి ఏ తిప్పలు తప్పాయి. మా మేనేజర్ని సీసీలో పెడతాను. ఆ లైన్లన్నీ ఒక ఫైల్లో దాచి అప్రైజల్ రోజు బయటికి తీస్తాను, నోటిమాట రేటింగ్ అయ్యేది అక్కడే కాబట్టి. ఫిక్స్ చేసినవాడి చేతే క్లయింటుకి చెప్పిస్తాను. రాత్రి పనిచేసినవాళ్ళకి కాంప్ ఆఫ్ వాళ్ళు అడక్కముందే నేనే రాస్తాను. ఆఫీసు బయట కూడా ఇదే లెక్క. అర్ధరాత్రి క్షేమంగా ఇంటి దగ్గర దింపే క్యాబ్ డ్రైవరు పేరేంటో తెలుసుకోవడంతో మొదలెట్టాను. ఇందులో గొప్ప ఏమీ లేదు, లెక్కలు సరిగ్గా రాసుకోవడమే.

లీడ్లూ, మేనేజర్లూ, మీకో చిన్న పరీక్ష. మెయిల్ తెరవకుండా, పోయిన రిలీజ్‌లో ముగ్గురి పేర్లు, వాళ్ళు చేసిన పనితో సహా చెప్పండి చూద్దాం. చెప్పలేకపోతే దయచేసి ఆ థాంక్స్ మెయిలు పంపకండి. ముందు వెళ్ళి కనుక్కోండి.