నక్షాలో నిండుగా, ఇంట్లో సిఫర్

రేపల్లెలో మా ఖాలాజాన్‌కి దుబాయ్ నుంచి కొడుకు ఫోన్ చేస్తే, మోకాళ్ల నొప్పులతోనే మిద్దె ఎక్కుతుంది. కింద మాట వినపడదు. కంపెనీ వెబ్‌సైట్‌లో మాత్రం ఆ వీధంతా నిండు రంగు! తెనాలిలో సిమ్ అమ్మిన కుర్రాణ్ని అడిగితే, "నక్షాలో ఉంది కదా సార్, మీ ఫోన్‌లోనే ఖరాబీ" అన్నాడు.

హకీకత్ వినండి. ఆ రంగు వీధి వీధీ తిరిగి కొలిచింది కాదు. టవర్ ఎత్తు, యాంటెన్నా దిశ, నేల ఎత్తుపల్లాలు కంప్యూటర్‌కిచ్చి తీసిన అందాజా. అదీ ఎక్కువగా ఆరుబయటి లెక్క. మందపాటి గోడ, స్లాబు దాటేసరికి సిగ్నల్ నీరసిస్తుంది. సాయంత్రం ఊరంతా ఒకే టవర్ మీద పడితే వచ్చే రద్దీ ఆ రంగులో కనపడనే కనపడదు.

నక్షాలు బయటపెట్టమని 2024లో ట్రాయ్ కంపెనీలకు హుకుం ఇచ్చింది. మంచిదే. కానీ దావా వేసినవాడే గవాహీ కూడా చెబితే అదేం ఇన్సాఫ్? అందాజా వేయడం గునాహ్ కాదు, దాన్ని వాదాగా అమ్మడమే గునాహ్. బాపట్లలో స్కాలర్‌షిప్ ఫారం ముందు కూర్చున్న బిడ్డకు ఓటీపీ రాకపోతే గడువు ఆగుతుందా?

సిమ్ కొనేముందు అదే కంపెనీ ఫోన్ పొరుగింటి నుంచి తెచ్చి, మీ వంటింట్లో మాట్లాడి చూడండి. కొన్నాక ట్రాయ్ మైస్పీడ్ యాప్‌తో కొలిచి, తారీఖుతో స్క్రీన్‌షాట్ దాచండి. ఫిర్యాదు చేసేటప్పుడు వాళ్ల రంగు పక్కన అది పెట్టండి.