గంటలన్నీ ఒక్కసారే మోగితే...

రైలుకూ గంటకూ గల అనుబంధం నేటిది కాదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ వేసిన మార్గం మీద జంక్షనుగా ఎదిగిన పట్టణం బిలాస్‌పూర్. రైల్వే ఉద్యోగాల నిమిత్తం తెలుగునాట నుంచి తరలివెళ్ళిన కుటుంబాలు ఎన్నో అక్కడ స్థిరపడినవి. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు అదే కేంద్రస్థానం.

పొరుగు స్టేషన్లు రెండు బ్లాకు యంత్రాల ద్వారా సంభాషించుకునే పద్ధతిలో ప్రతి మోతకూ ఒక నియత అర్థమున్నది. ఒక్క దెబ్బ పిలుపు. రెండు దెబ్బలు, మార్గం ఖాళీయేనా అన్న ప్రశ్న. మూడు, బండి సెక్షనులో ప్రవేశిస్తున్నదన్న కబురు. ఆరు దెబ్బలు మోగినవంటే ప్రమాదమన్న మాట. అవతలివారు తిరిగి మోగిస్తేనే కబురు అందినట్లు లెక్క. గంటలు తక్కువ, అర్థం స్పష్టం, జవాబు తప్పనిసరి. ఈ మూడు సూత్రాలనూ కంప్యూటర్ యుగం మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవలసి వచ్చింది.

నేడు పట్టాల వెంబడి ఆప్టికల్ ఫైబర్ కేబుళ్ళు సాగుతున్నవి. వాటి కొసలలో కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే పెట్టె పేరు నెట్‌వర్క్ స్విచ్. రైల్వే పరిభాషలోనూ పాయింట్ల వద్ద బండిని దారి మళ్ళించే పట్టాల అమరికను స్విచ్ అనే అంటారు. పనిలోనూ పోలిక ఉన్నది: వచ్చినదానిని సరైన దారి పట్టించడమే రెండింటి ధర్మం.

ఈ పెట్టె మూగది కాదు. తీగ ఊడినా, ఫ్యాను ఆగినా, వేడి పెరిగినా కేంద్రానికి కబురు పంపుతుంది. సిస్‌లాగ్ అనే విధానంలో ఈ కబుర్లకు సున్న నుంచి ఏడు వరకు ఎనిమిది అంతస్తులు. సున్న అంటే సర్వం స్తంభించినట్లు. ఏడు అంటే మరమ్మతుదారుకు మాత్రమే పనికివచ్చే వివరం. చిక్కు ఎక్కడంటే, అన్ని అంతస్తుల కబుర్లూ ఒకే గంట మోగించేటట్లు అమర్చడంలో. వదులైన తీగ ఒకటి నిమిషానికి పదిసార్లు తెగి అతుకుతూ ఉంటే ఇరవై హెచ్చరికలు. ప్రధానమైన కేబుల్ ఒకటి తెగితే దాని వెనుకనున్న పరికరాలన్నిటి పేరా వేర్వేరు ఫిర్యాదులు. జబ్బు ఒకటే, కేకలు వంద!

‘నాన్నా, పులి!’ కథలో తప్పు బాలునిది. ఇక్కడ అబద్ధమాడినవారెవరూ లేరు. నిజాలే మితిమీరి, అవసరమైన నిజాన్ని కప్పివేస్తాయి. 1994 జులై 24న బ్రిటన్‌లోని మిల్‌ఫర్డ్ హేవెన్ చమురు శుద్ధి కర్మాగారంలో పేలుడుకు ముందు చివరి 11 నిమిషాలలో 275 హెచ్చరికలు వచ్చినవి. వాటిని చదివి, ఆలోచించి, చర్య తీసుకొనడం మానవమాత్రులకు సాధ్యమా?

చికిత్స కష్టమైనది కాదు. మనిషి వెంటనే చేయవలసిన పని ఉన్నప్పుడే గంట మోగాలి. తక్కినవి చిట్టాలో చేరితే చాలు. ఒకే కారణంతో పుట్టిన కబుర్లను ఒకటిగా కూర్చాలి. తెగి అతికే తీగ విషయంలో కొన్ని క్షణాలు ఆగి చూసి మరీ మోగించాలి. మరమ్మతు వేళ గంట ఆపితే, మళ్ళీ ఎప్పుడు మోగాలో ముందే నిర్ణయించాలి. ప్రతి హెచ్చరికకూ బాధ్యుడొకడుండాలి. అతడు పలకకపోతే అది పై అధికారికి చేరాలి.

నిశ్శబ్దాన్ని నమ్మరాదన్నది మరొక నియమం. స్విచ్ పంపిన కబురు దారిలోనే పోవచ్చు. కరెంటు పోయిన పెట్టె అసలు పలకలేదు. కనుక కేంద్రమే నియమిత వ్యవధిలో దాని క్షేమం అడుగుతూ ఉండాలి. ఆరిపోయిన సిగ్నలును డ్రైవరు ‘ఆగు’ అన్న ఆజ్ఞగా భావించడం వెనుకనున్నదీ ఈ వివేకమే.

అయితే గంటలు తగ్గించడం వేరు, వినకపోవడం వేరు. 2023 జూన్ 2న ఒడిశాలోని బాహానగా బజార్ స్టేషను వద్ద జరిగిన ప్రమాదం 290 మందికి పైగా ప్రాణాలను బలిగొన్నది. సిగ్నల్ వైరింగులో దొర్లిన తప్పులే కారణమని రైల్వే భద్రతా కమిషనర్ విచారణ తేల్చింది. అక్కడి పాయింట్ల వింత ప్రవర్తనను స్టేషను మాస్టరు పలుమార్లు తెలిపి ఉంటే, తప్పు వైరింగు ముందే బయటపడేదని కూడా ఆ నివేదిక పేర్కొన్నది. యంత్రం తనకు తెలిసిన భాషలో చెప్పవలసింది చెప్పింది. ఆ మాట చేరవలసిన చెవికి చేరలేదు.

హెచ్చరికల నిర్వహణ అంటే చెవులు మూసుకొనడం కాదు. నూరు గంటల మధ్య ఆ ఆరు దెబ్బలు వినబడేటట్లు చూసుకొనడం.