పట్వారీ పోయిండు, దస్త్రం పోలేదు

2024 నవంబరులో మేం ప్రైమరీ టీచర్లం పొద్దున బడి నడిపి, మధ్యాహ్నం నుంచి కాగితాల కట్ట చంకన పెట్టుకొని ఇల్లిల్లూ తిరిగినం. సర్కారు చేయించిన ఇంటింటి కులసర్వే అది. కులం, ఉపకులం, చదువు, అప్పు, భూమి, బర్రె, బండి, వలసపోయిన కొడుకు, అన్నీ అడిగినం. చిన్నాపెద్దా కలిపి 75 ప్రశ్నలు. మాదిగవాడలో ఒక పెద్దమ్మ అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పి చివరకు నన్నే ఒక ప్రశ్న అడిగింది. "ఇన్ని రాసుకపోతున్నవు గదా బిడ్డా, మళ్ల ఎప్పుడన్న వచ్చి చదివి వినిపిస్తవా?"

వినిపిస్తనని మాట ఇచ్చిన. ఇప్పటిదాకా మాట నిలుపుకోలేదు. చదవడానికి నా చేతిలో ఏముంది? కాగితం మండలానికి పోయింది, కంప్యూటర్‌కు ఎక్కింది, హైదరాబాద్ చేరింది. 2025 ఫిబ్రవరిలో లెక్క ప్రకటించిండ్రు. 3.54 కోట్ల మందిని లెక్కబెట్టినమన్నరు. ఎస్సీలు 61,84,319 మంది, అంటే 17.43 శాతం. ఎస్టీలు 10.45 శాతం. మంచిదే, రాష్ట్రం లెక్క తెలిసింది. మరి మన వాడ లెక్క? ఎన్ని ఇళ్లకు గుంట భూమి లేదు, ఎంతమంది ఆడపిల్లలు పదో తరగతి దగ్గర ఆగిపోయిండ్రు, ఆ లెక్క ఏ గ్రామసభలో చదివిండ్రు?

మన తాతలకు ఈ సంగతి కొత్తగాదు. పట్వారీ దస్త్రంలో ఏం రాసి ఉందో వాళ్లకు తెలియదు. దున్నింది ఒకడు, దస్త్రంలో పేరు ఇంకొకడిది. అడిగితే "నీకేం తెలుసురా" అనేటోడు. 1984లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం పటేల్, పట్వారీ, కరణాల పదవులను రద్దు చేసింది. పట్వారీ పోయిండు. దస్త్రం పోలేదు. అది ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో కూర్చున్నది. ఆ పట్వారీనయితే కనీసం అరుగు మీద చూసేటోళ్లం, తిట్టుకునేటోళ్లం. ఈ కొత్త పట్వారీకి మొహం లేదు.

దీన్ని డేటా వేర్‌హౌస్ అంటరు, అంటే సమాచార గిడ్డంగి. రేషన్ దస్త్రం, భూమి దస్త్రం, కరెంటు బిల్లు, బండి రిజిస్ట్రేషన్, పింఛను అన్నీ వేరువేరు శాఖల నుంచి తెచ్చి ఒక్కచోట పోస్తరు. పోసినదాంట్లో నుంచి ఏరి, పటాలు గీసి, పై అధికారి బల్ల మీద పెట్టే సరుకు పేరు బిజినెస్ ఇంటెలిజెన్స్. పేరులోనే వ్యాపారం ఉన్నది. ఏ దుకాణంలో ఏ సబ్బు ఎక్కువ అమ్ముడుపోతున్నది, ఏ ఖాతాదారు అప్పు ఎగ్గొడతడు అని కంపెనీలు, బ్యాంకులు కనిపెట్టడానికి పుట్టిన విద్య ఇది. 1991లో చుండూరు శవాల కోసం మనం రోడ్ల మీద ఉన్న రోజుల్లోనే అమెరికాలో ఈ గిడ్డంగుల శాస్త్రానికి రూపం వస్తున్నది. సబ్బు లెక్కకు పుట్టినదాన్ని తెచ్చి మనిషి ఆకలి మీద పెట్టిండ్రు.

ఏజెన్సీలో ఏ కోయ అక్కనడిగినా గిడ్డంగి అంటే తెలుసు. చింతపండో ఇప్పపువ్వో తెచ్చి పోస్తే తూకం వేసి రసీదు రాసిస్తరు. సమాచారం తెచ్చి పోసినోళ్లకు రసీదు ఏది?

రాష్ట్రంలో ఈ గిడ్డంగికి ఒక పేరున్నది, సమగ్ర వేదిక. సుమారు 30 శాఖల దస్త్రాలను కలిపి, ఫలానా మనిషి ఫలానా మనిషే అని తేల్చే యంత్రం. 2016 నుంచి రేషన్ కార్డుల ఏరివేతకు దీన్ని వాడిండ్రు. 2014 నుంచి 2019 దాకా రాష్ట్రంలో 18 లక్షలకు పైగా కార్డులు రద్దయినయి. ఇంటికి నోటీసు రాలేదు, విచారణకు ఎవరూ రాలేదు. డీలరు దగ్గరకు సంచి పట్టుకొని పోయినంక తెలిసింది. హైదరాబాద్‌లో రిక్షా తొక్కే మనిషి ఇంటి కార్డు పోయింది. ఎందుకయ్యా అంటే ఆయనకు కారున్నదని యంత్రం చెప్పిందట! కారు ఉన్నది అలాంటి పేరే ఉన్న ఇంకో ఆసామికి.

ఇది పట్నం కథ అనుకోకండి. పేర్లు కలిపి చూసే యంత్రానికి మన వాడలకంటే పెద్ద గందరగోళం ఎక్కడుంటది? తాత పేరు మనవడికి పెడతం. ఒక్క వాడలో నలుగురు వెంకటమ్మలు. ఇంట్లో ఒక పేరు, బడి రిజిస్టర్‌లో నాలాంటి మాస్టరు రాసిన ఇంకో పేరు, ఆదివారం ప్రార్థనలో మరో పేరు. (దీని మీద ఎక్కువ మాట్లాడితే కుల సర్టిఫికెట్ దాకా పోతది, అక్కడికి ఆపుతున్న.) కోయగూడేల్లోనయితే సోడి, మడివి, కుంజా అని ఇంటిపేర్లు ఊరంతా ఒక్కటే. ఆధార్‌లో ఒక తీరు, పాసుబుక్కులో ఒక తీరు రాసి ఉంటయి. ఆ తప్పులు రాసింది మనం కాదు. శిక్ష మాత్రం మనకు.

ఒక పౌరుడు సుప్రీంకోర్టుకు పోతే, రద్దయిన కార్డులను ఇంటికిపోయి మళ్లీ విచారించమని 2022 ఏప్రిల్‌లో కోర్టు చెప్పింది. 4,91,899 దరఖాస్తులు వచ్చినయి. ఆ ఏడు జూలై నాటికి 2,05,734 చూస్తే, వాటిలో 15,471 కుటుంబాలు అర్హులేనని తేలింది. అధికారులు ఇది నూటికి ఏడెనిమిదే గదా అంటరు. 15,471 ఇళ్లల్లో పొయ్యి దగ్గర కూర్చున్నోళ్లను అడగండి అది ఎంతనో.

మన ఖమ్మం సంగతి చూద్దాం. 2023 ఆగస్టు 11న హైదరాబాద్‌లో వ్యవసాయ సమాచార మార్పిడి వేదిక, అడెక్స్ అని, ఘనంగా ప్రారంభించిండ్రు. రాష్ట్ర ప్రభుత్వం, వరల్డ్ ఎకనామిక్ ఫోరం, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి కట్టింది. మొదట పెట్టింది మన ఖమ్మం జిల్లాలోనే. అంతకు ముందే సాగు బాగు పేరుతో ఇక్కడి 7,000 మంది మిర్చి రైతులకు ఫోన్లలో సలహాలు ఇచ్చి, ఎకరానికి దిగుబడి 21 శాతం పెరిగిందని ఫోరం చాటింది. పెరిగితే సంతోషం. నా ప్రశ్న ఒక్కటే. రైతు అంటే ఎవరు? దస్త్రంలో పాసుబుక్కు ఉన్నోడు. కౌలుకు చేసిన మాల, మాదిగ రైతు పేరు ఎక్కడుంది? అడవి అంచున పోడు చేసుకుంటున్న దళితుడికి 2006 అటవీ హక్కుల చట్టం 75 ఏళ్ల రుజువు అడుగుతది. అది లేనోడు ఏ కాలంలోనూ ఎక్కడు. ఎండలో వంగి మిరపకాయ ఏరే ఆడకూలీ అసలే లేదు. ఛత్తీస్‌గఢ్ నుంచి గోదారి దాటి వచ్చే ఆదివాసులు ఎన్ని వేల మందో! 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్‌లో ములుగు జిల్లా మిర్చి చేల నుంచి బీజాపూర్‌కు అడవి దారిన నడిచి, ఇల్లు చేరబోతూ ఒక పన్నెండేళ్ల పిల్ల చచ్చిపోయింది. చనిపోయినంకనే ఆ పిల్ల పేరు కాగితానికి ఎక్కింది.

పంట బస్తా గిడ్డంగి లెక్కలో ఉన్నది. కాయ ఏరిన చెయ్యి లేదు.

2024 సెప్టెంబర్ 1న మున్నేరు పొంగి ఖమ్మంలో కాలనీలు మునిగినయి. బురదలో తడిసిన కాగితాలను జనం ఎండకు ఆరబెట్టుకుంటున్నరు. అదే వారం 5, 6 తేదీల్లో హైదరాబాద్‌లో కృత్రిమ మేధ మీద అంతర్జాతీయ సదస్సు. అందరికీ పనికొచ్చేలా చేస్తమన్నది వాళ్ల నినాదం. అందరిలో ఆ కాగితాలు ఆరబెట్టుకునేటోళ్లు ఉన్నరా?

2025 జనవరిలో ఇందిరమ్మ ఆత్మీయ భరోసా వచ్చింది. భూమిలేని కూలీ కుటుంబానికి ఏటా 12,000. అంతకు ముందటి ఉపాధి హామీ దస్త్రంలో 20 రోజుల పని ఉండాలె, భూమి దస్త్రంలో పేరు ఉండొద్దు. ఎప్పుడో అసైన్ చేసిన ఐదు గుంటలున్న దళితుడు ఏమయితడు? భూస్వామి లెక్కన ఆత్మీయ భరోసాకు పోయిండు. ఎకరానికి 12,000 చొప్పున రైతు భరోసా కింద ఐదు గుంటలకు వచ్చేది 1,500. రెండు దస్త్రాలు కలిపి చూసిన తెలివి ఇది!

లెక్క దగ్గర పోరాటం మనకు అంబేద్కరే నేర్పిండు. 1932లో లోథియన్ కమిటీ ముందు కొన్ని రాష్ట్రాల సవర్ణ పెద్దలు మా దగ్గర అంటరానోళ్లు లేరు, ఉన్నా కొద్దిమందే అన్నరు. ఓటుహక్కు, సీట్లు తగ్గించే ఎత్తు అది. కమిటీలో సభ్యుడైన ఆయన ఆ లెక్క మీద విడిగా తన మాట రాసిపెట్టిండు. వర్గీకరణ మీద మాల, మాదిగ మిత్రుల మధ్య ఎన్ని మాటలయినా ఉండొచ్చు, అది ఇంకో సంచికలో తేల్చుకుందాం. రెండు వాడలకూ తమ లెక్క తమకు కనబడకపోవడం మాత్రం ఒక్కటే.

కంప్యూటర్ వద్దని నేననడం లేదు. నా పిల్లలు దానితోనే బతకాలె. పేరు కొట్టేసే ముందు మనిషి ఇంటికి రావాలె. ఎందుకు కొట్టేసిండ్రో తెలుగులో కాగితం మీద రాసియ్యాలె. కులసర్వేలో మన ఊరి లెక్క, ఏ మనిషి పేరూ బయటపెట్టకుండా, పంచాయతీ గోడ మీద రాయాలె. ఇది అసాధ్యమా? ఉమ్మడి రాష్ట్రంలో 2006 నుంచి ఉపాధి పనుల సామాజిక తనిఖీలో మస్టర్లను ఊరి మధ్యన చదివి వినిపించిండ్రు. అక్షరం రాని కూలీలు లేచి "నేను ఆ రోజు పనికే పోలేదు, సంతకం ఎవడు పెట్టిండు" అని నిలదీసిండ్రు. అప్పుడు సాధ్యమయింది ఇప్పుడెందుకు కాదు? వ్యక్తిగత సమాచార రక్షణ అని 2023లో తెచ్చిన చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ని కూడా మార్చింది. రేపు దాన్ని చూపి జాబితా ఇవ్వమంటరు. మన వివరం మన నుంచే దాచిపెట్టడం రక్షణ ఎట్లయితది?

సంఘాల బాధ్యులకు పని ఒకటి చెప్తున్న. వాడలో కార్డు పోయినోళ్లు, పింఛను ఆగినోళ్లు, ఇల్లు రానోళ్లు ఎవరెవరో ఈ పదిహేను రోజుల్లో నోటుబుక్కులో రాయండి. పేరు ఆధార్‌లో ఎట్లున్నది, కార్డులో ఎట్లున్నది, పాసుబుక్కులో ఎట్లున్నది, మూడూ పక్కపక్కన రాయండి. సగం గుట్టు అక్కడే బయటపడతది. తర్వాత ఒక్కొక్కరి పేరుమీద సమాచార హక్కు దరఖాస్తు పెట్టించండి. "నా దరఖాస్తును ఏ కారణంతో, ఏ శాఖ దస్త్రం ఆధారంగా తిరస్కరించారు?" అన్న ఒక్క ప్రశ్న చాలు. పంచాయతీలో ఫీజు లేదు, మండలంలో ఐదు రూపాయలు, పైన పది. తెల్లకార్డు ఉన్నోళ్లకు ఎక్కడా లేదు. జవాబు 30 రోజుల్లో రావాలె. రెండో ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకొని దగ్గర పెట్టుకోండి. రాయడం రానోళ్లుంటే ఆదివారం పొద్దున బడి దగ్గరకు పంపండి, నేనుంట.