ఫోన్‌లో లూప్ ఆగట్లేదా? ఆప్టిమైజర్‌ను తిట్టే ముందు ఇది చూడండి

‘ల్యాప్‌టాప్‌లో బానే నడిచింది, ఫోన్‌లో పెడితే హ్యాంగ్ అవుతోంది.’ సీ, సీ++ కోడ్‌ను ఆండ్రాయిడ్‌కు తెచ్చేవాళ్ల నోట తరచూ వినిపించే మాట ఇది. వెంటనే నింద ఫోన్ ప్రాసెసర్ మీదకో, కంపైలర్ ఆప్టిమైజేషన్ మీదకో పోతుంది. నన్నడిగితే ముందు చూడాల్సింది ఆ రెండూ కాదు, కంపైలర్ ఫ్రంట్ ఎండ్ ఇచ్చిన అవుట్‌పుట్. మనం రాసింది చదివి, ఎల్‌ఎల్‌వీఎం ఐఆర్ అనే మధ్యంతర కోడ్‌గా మార్చే భాగమే ఫ్రంట్ ఎండ్. మన కోడ్ దానికి ఎలా అర్థమైందో అక్కడే తెలిసిపోతుంది.

ఒక్క లూప్, రెండు అర్థాలు

ఇన్‌పుట్ అయిపోయేదాకా ఒక్కో అక్షరం చదివే లూప్ తీసుకుందాం. గెట్‌చార్ ఇచ్చిన విలువను ‘చార్’ వేరియబుల్‌లో పెట్టి, అది ఈఓఎఫ్, అంటే -1 అయితే ఆగమని రాస్తాం. ఎక్స్86 ల్యాప్‌టాప్‌లో ఆగుతుంది. ఏఆర్‌ఎం ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఎప్పటికీ ఆగదు.

కారణం సింపుల్. ‘చార్’కు మైనస్ విలువలు ఉండాలా వద్దా అన్నది సీ స్టాండర్డ్ కంపైలర్‌కే వదిలేసింది. ఎక్స్86లో ఉంటాయి. ఏఆర్‌ఎం ఆండ్రాయిడ్‌లో ఉండవు, 0 నుంచి 255 వరకే. -1ని 8 బిట్లకు కుదిస్తే 255 అవుతుంది. దాన్ని మళ్లీ 32 బిట్లకు పెంచినప్పుడు ల్యాప్‌టాప్‌లో -1 తిరిగొస్తుంది, ఫోన్‌లో 255గానే ఉండిపోతుంది.

ఎలా చూడాలి?

ఫోన్‌లో టెర్మక్స్ యాప్ ఉంటే అందులోనే క్లాంగ్ ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. ఆప్టిమైజేషన్‌ను సున్నా లెవెల్‌లో పెట్టి, ఎల్‌ఎల్‌వీఎం ఐఆర్‌ను టెక్స్ట్ ఫైల్‌గా ఇచ్చే ఆప్షన్‌తో కంపైల్ చేయండి. ల్యాప్‌టాప్‌లోనూ అదే చేసి రెండు ఫైళ్లనూ పక్కపక్కన పెట్టండి. మెమరీలో పెట్టడం, తీయడం లాంటి లైన్లు బోలెడు కనిపిస్తాయి, కంగారు పడొద్దు. -1తో పోల్చే లైన్ వెతికి, దానికి కాస్త పైన చూడండి. ల్యాప్‌టాప్ ఫైల్‌లో సైన్ ఎక్స్‌టెన్షన్, ఫోన్ ఫైల్‌లో జీరో ఎక్స్‌టెన్షన్ ఉంటుంది. అసలు తేడా ఆ ఒక్క ఇన్‌స్ట్రక్షనే.

ఆప్టిమైజర్ ఇంకా పని మొదలుపెట్టకముందే ఆ తేడా వచ్చేసింది కదా! మరి తప్పు దాని మీదకు ఎలా తోస్తాం?

చిప్‌ది కూడా తప్పు కాదు. యాపిల్ సిలికాన్ మ్యాక్ కూడా ఏఆర్‌ఎమ్మే, కానీ యాపిల్ నిబంధన ప్రకారం అక్కడ ‘చార్’కు మైనస్ విలువలుంటాయి. అందుకే అదే లూప్ మ్యాక్‌లో ఆగుతుంది. ఫ్రంట్ ఎండ్ చూసేది ఒక్క చిప్‌ను కాదు, మొత్తం టార్గెట్ నిబంధనలను.

మరి పరిష్కారం?

‘చార్’ను సైన్డ్‌గా చూడమనే ఆప్షన్ క్లాంగ్‌లో ఉంది. పెడితే ఫోన్‌లో లూప్ ఆగుతుంది, కానీ అది పైపూత మాత్రమే. ఎందుకంటే ల్యాప్‌టాప్‌లో నడిచిన కోడ్ కూడా కరెక్ట్ కాదు. ఫైల్ మధ్యలో 255 విలువున్న బైట్ వస్తే, దాన్నే ముగింపు అనుకుని అక్కడితో ఆగిపోతుంది, మిగతా డేటా చదవదు. హ్యాంగ్ అయితే కనీసం మనకు తెలుస్తుంది, డేటా సగంలో తెగిపోతే ఎవరూ గమనించరు. వేరియబుల్‌ను ‘ఇంట్’గా మార్చండి, రెండు చోట్లా సమస్య పోతుంది.

ఐఆర్ మొత్తం చదవాల్సిన పని లేదు. అనుమానం ఉన్న ఆ పది లైన్లు చూసే అలవాటు చేసుకుంటే చాలు. నా లెక్కలో మాత్రం ఈసారి ఫోనే మనకు మేలు చేసింది, ల్యాప్‌టాప్ దాచిన తప్పును బయటపెట్టింది.