పంక్తిలో బలవంతం వద్దు

నేను చదివింది తమిళ మీడియం, తెలుగు రాత మా అమ్మ దగ్గర నేర్చుకున్నదే. తప్పులుంటే సర్దుకొని చదవండి.

మొన్న మన కుటుంబ కలయికలో మా తమ్ముడి కూతురు ఆకులో అన్నం, రసం, కాస్త మజ్జిగ మాత్రం వేయించుకుంది. "ఇంత సన్నంగా ఉన్నావు, డైటింగా తల్లీ?" అని ఇద్దరు పెద్దవాళ్ళు వద్దన్నా వినకుండా వేపుడు, పాయసం వడ్డించేశారు. ప్రేమతోనే, కాదనను. పిల్ల మాత్రం ఆకు మడిచి, చేయి కడుక్కుని, కారులో పోయి కూర్చుంది. ఆమెను అడిగే ఇది రాస్తున్నా.

ఆమెకున్నది క్రోన్స్ జబ్బు. 1932లో న్యూయార్క్‌లో క్రోన్ అనే డాక్టరు మరో ఇద్దరితో కలిసి దీని గురించి రాశాడు, ఆ పేరే నిలిచింది. ఒంటిని కాపాడాల్సిన శక్తే పేగు మీద తిరగబడి వాపు, పుండ్లు తెస్తుంది. ఎక్కువగా చిన్నపేగు చివర వస్తుంది. కొంత దూరం పుండు, తర్వాత మంచి పేగు, మళ్ళీ పుండు. కొన్నిచోట్ల పేగు ఇరుకైపోతుంది. అలాంటప్పుడు పీచు ఎక్కువున్న కూర పెట్టడమంటే నొప్పి పెట్టడమే. ఇది అంటురోగం కాదు. కారం తిని తెచ్చుకున్నదీ కాదు.

మన దేశంలో ఇంకో చిక్కుంది. పేగుకొచ్చే టీబీ కూడా అదేచోట, అలాగే కనబడుతుంది. నొప్పి, జ్వరం, బరువు తగ్గడం, పుండ్లు, అన్నీ ఒకటే. ముక్క తీసి పరీక్ష చేసినా ఒక్కోసారి తేలదు. అందుకని టీబీ మందులు పెట్టి చూస్తారు, అది తప్పని నేననను. రెండు మూడు నెలలయ్యాక మళ్ళీ కొలనోస్కోపీ చేసి పుండు మానిందా అని చూడాలి. మా పిల్లకు అలా చూడకుండానే తొమ్మిది నెలలు మందులు మింగించారు. మేమూ అడగలేదు. ముప్పైఅయిదేళ్ళు రైల్వేలో కాగితం కాగితం సరిచూసిన నాకు, ఇంట్లో పిల్ల రిపోర్టు చూడాలని తోచలేదు. బరువు ముప్పైఎనిమిది కిలోలకు వచ్చాక వేరే ఊళ్ళో పేగుల డాక్టరు దగ్గరికి పోయాం.

ఇప్పుడు బాగానే ఉంది. స్టెరాయిడ్ కొన్నాళ్ళే ఇచ్చి ఆపారు, అజాథయోప్రిన్ మాత్ర, రక్తపరీక్షలు నడుస్తున్నాయి. నొప్పి తగ్గిందని మందు మానకూడదు. నాటు మందుతో పూర్తిగా పోతుందని ఫోన్ చేసేవాళ్ళకు ఒక దండం. మీ మాట విని ఒకసారి మందు ఆపాం, నాలుగు నెలల్లో ఆస్పత్రిలో పడింది.

సంబంధాలు చెడతాయని మా తమ్ముడు మూడేళ్ళు అందరికీ "గ్యాస్ ట్రబుల్" అని చెప్పుకొచ్చాడు. దాచినందుకు నేను వాణ్ణి తిట్టాను. కానీ దాచాల్సి వచ్చింది మన నోళ్ళకు భయపడి కదా? జబ్బు అదుపులో ఉంటే పెళ్ళి, పిల్లలు, ఉద్యోగం అన్నీ కుదురుతాయని డాక్టరే చెప్పారు. ఈసారి ముందే చెప్పి సంబంధం చూడమన్నాను.

ఉగాది భోజనాల కమిటీకి ఒక మనవి. వద్దన్నవాళ్ళకు వడ్డించవద్దని వడ్డించే పిల్లలకు చెప్పండి. మండపం మాట్లాడేటప్పుడు భోజనాల హాలు పక్కన టాయిలెట్ తెరిచి ఉంటుందా అని అడగండి. పోయినసారి తాళంచెవి వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ టీకొట్లో.