చదరపు అడుగు ఎంత?

మొన్న ఆదివారం సాయంత్రం మా బావమరిదిని వెంటబెట్టుకుని జూబ్లీహిల్స్‌లో ఒక ఆర్ట్ గ్యాలరీకి వెళ్లాను. వెంటబెట్టుకుని అనడం కూడా పూర్తి నిజం కాదు. నా స్కూటర్ షెడ్డులో ఉంది, వాడికి కారుంది. అదీ సంగతి.

వాడు రియల్ ఎస్టేట్‌లో ఉన్నాడు. హైదరాబాద్‌లో ఈ మాటకి పెద్ద అర్థం లేదనుకోండి. ఇక్కడ రియల్ ఎస్టేట్‌లో లేనిదెవరు? డాక్టరు గారికీ, లెక్చరరు గారికీ, మా వీధి ఇస్త్రీ అతనికీ కూడా ఎక్కడో ఒక వెంచర్‌లో ఒక ప్లాటు, ఆ ప్లాటు మీద ఒక కేసు తప్పకుండా ఉంటాయి. మా వాడికి ప్లాట్లు కాస్త ఎక్కువ, కేసులు కాస్త తక్కువ. అంతే తేడా.

గ్యాలరీ అంటే తెలుసుగా. తెల్లటి గోడలు, చలి పుట్టించే ఏసీ, గుళ్లో కన్నా ఎక్కువ నిశ్శబ్దం. బొమ్మ పక్కన బొమ్మ పేరుంటుంది గానీ ధర ఉండదు. టేబుల్ దగ్గర కూర్చున్న అమ్మాయిని మెల్లిగా అడిగితే ఒక కాగితం చేతిలో పెడుతుంది. బొమ్మ అమ్ముడైపోతే పక్కన చిన్న ఎర్ర చుక్క అంటిస్తారు. మా వాడు లోపలికి రాగానే బొమ్మలు చూడ్డం మానేసి చుక్కలు లెక్కపెట్టాడు. 

"పదకొండు పోయినయ్ బావా. మంచి బుకింగే!" అన్నాడు.

నేను మాత్రం ఒక బొమ్మ దగ్గర ఆగిపోయాను. కుర్ర చిత్రకారిణి వేసింది. ఊరు హైదరాబాద్ శివారట. నిలువెత్తు అద్దాల బిల్డింగు. ఆ అద్దంలో ఒక గేదె నీడ. గేదె మాత్రం బొమ్మలో ఎక్కడా లేదు. నీడే ఉంది. రెండడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు. కాగితంలో చూస్తే 45 వేలు.

మా వాడు నా భుజం మీంచి తొంగి చూశాడు. "రెండు ఇంటూ రెండున్నర, అయిదు ఎస్ఎఫ్‌టీ. అంటే అడుగు తొమ్మిది వేలు. అరె, ఫ్లాట్ రేటే గదా!" 

నేను సిగ్గుపడి చుట్టూ చూశాను. టేబుల్ దగ్గరి అమ్మాయి మాత్రం ఏమీ అనుకోలేదు. "కరెక్టే సార్. కొత్త ఆర్టిస్టులకి మేమూ సైజుని బట్టే రేటు పెడతాం. మీరు అడుగుల్లో చెప్పారు, మేం అంగుళాల్లో లెక్కేస్తాం" అంది. 

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆ సాయంత్రం గ్యాలరీ వ్యవహారం నాకంటే మా వాడికే బాగా అర్థమైంది.

ఆలోచిస్తే ఈ చదరపు అడుగు లెక్క మన ఆధునిక చిత్రకళలో కొత్తదేం కాదు. ఎం.ఎఫ్. హుసేన్ కుర్రతనంలో బొంబాయిలో సినిమా హోర్డింగులు వేసి బతికాడు. చదరపు అడుగుకి ఇన్ని అణాలని కూలి. ఆయనే పెద్దవాడయ్యాక మన హైదరాబాద్‌లో 'సినిమా ఘర్' అని ఒక మ్యూజియం కూడా పెట్టాడు. ఆయన 1954లో వేసిన 'గ్రామ్ యాత్ర' అనే బొమ్మని 2025 మార్చిలో న్యూయార్క్‌లో క్రిస్టీస్ వాళ్లు వేలం వేశారు. కోటీ ముప్పై ఏడు లక్షల డాలర్లు దాటింది. మన లెక్కలో దాదాపు 118 కోట్ల రూపాయలు. ఆధునిక భారతీయ చిత్రకళలో అప్పటికి అదే రికార్డు.

ఆ బొమ్మ దాదాపు పద్నాలుగు అడుగుల పొడుగు, మూడడుగుల ఎత్తు. మా వాడి పద్ధతిలో లెక్కేసుకుంటే అడుగు రెండున్నర కోట్ల పైమాటే. 

అందులో ఏముందంటారా? పదమూడు గడులు. ఒక్కో గడిలో ఊళ్లో బతుకు ముక్క. ఆడవాళ్లు, పిల్లలు, ఎడ్లబండి, పనిపాటలు. ఒక గడిలో ఒక రైతు నిలబడి ఉంటాడు. అతని చెయ్యి తన గడి దాటి పక్క గడిలోకి చాపి ఉంటుంది. ఆ పక్క గడిలో పొలం. ఆ పొలాన్ని అతనే ఎత్తి పట్టుకున్నాడా అన్నట్టు ఉంటుంది. 

ఇప్పుడు ఇంకో లెక్క చూడండి. 2023 ఆగస్టులో మన కోకాపేటలో హెచ్ఎండీఏ వేలం పెడితే ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది. 2025 అక్టోబరులో రాయదుర్గంలో ఎకరం 177 కోట్లకి పోయింది. అంటే ఊరు బొమ్మగా మారినా వంద కోట్లే, ఊరు టవరుగా మారినా వంద కోట్లే. ఊరు ఊరుగా ఉన్నన్నాళ్లు మాత్రం దానికి ధర లేదు. 

మన ఇళ్లలోనే చూడండి. ఇరవయ్యో అంతస్తులో ఫ్లాటు కొన్నవాళ్లు ముందు వెతికేది వైకుంఠం బొమ్మ కోసం. పెద్ద బొట్టు, ఎర్రచీర, ముక్కుపుడక, భుజం మీద చిలక. ఒరిజినల్ కొనలేకపోతే ప్రింటు, అదీ కుదరకపోతే కాఫీ కప్పు. తోట వైకుంఠం కరీంనగర్ పల్లెలో తను చూసిన ఆడవాళ్లని గీశాడు. లక్ష్మాగౌడ్ మెదక్ పల్లెని గీశాడు. వాళ్లు గీసిన ఊళ్లు గోడలెక్కాయి. ఆ ఊళ్ల మనుషులు అదే బిల్డింగులో లిఫ్టు దగ్గరో గేటు దగ్గరో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఇందులో ఎవరినీ తప్పు పట్టడం లేదు. మా ఇంట్లోనూ ఒక వైకుంఠం కప్పుంది.

అసలు విషయానికొస్తాను. 

'గ్రామ్ యాత్ర'ని 1954లో ఢిల్లీలో కొన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పని మీద వచ్చిన ఒక డాక్టరు. అప్పటి ధర 1,400 రూపాయలని పత్రికలు రాశాయి. ఆయన దాన్ని నార్వే తీసుకెళ్లి ఓస్లోలో ఒక ఆస్పత్రికి ఇచ్చేశాడు. దశాబ్దాల పాటు అక్కడి గోడ మీదే ఉంది. వేలం డబ్బు డాక్టర్ల శిక్షణకి వాడతామన్నారు. మంచి పనే. కానీ 1,400కీ 118 కోట్లకీ మధ్య ఉన్న ఆ దూరంలో బొమ్మ వేసినవాడి వాటా ఎంత? సున్నా. 

న్యూయార్క్‌లోనే 1973లో ఇలాంటి గొడవే జరిగింది. రాబర్ట్ స్కల్ అని ఒక టాక్సీ కంపెనీ యజమాని, కుర్ర చిత్రకారుల బొమ్మలు చవగ్గా కొని పెట్టుకున్నాడు. వాటిని వేలం వేస్తే, రాబర్ట్ రౌషెన్‌బర్గ్ దగ్గర 900 డాలర్లకి కొన్న బొమ్మ 85 వేలు పలికింది. రౌషెన్‌బర్గ్ ఆ రాత్రి అక్కడే ఉన్నాడు. వేలం అయ్యాక వచ్చి యజమానిని ఒక్క తోపు తోశాడు. నీ లాభం కోసమా నేను ఇన్నాళ్లూ చచ్చీచెడీ పని చేసింది అని అడిగాడు. బయట రోడ్డు మీద టాక్సీ డ్రైవర్లు కూడా ప్లకార్డులు పట్టుకుని నిలబడ్డారు. లోపల చిత్రకారుడు, బయట డ్రైవరు. ఇద్దరి ఫిర్యాదూ ఒక్కడి మీదే. 

ఫ్రాన్సువాళ్లు 1920లోనే దీనికో చట్టం చేశారు. బొమ్మ మళ్లీ అమ్ముడైన ప్రతిసారీ చిత్రకారుడికో, వారసులకో కొంత శాతం ఇవ్వాలి. బ్రిటన్‌లో 2006లో వచ్చింది. మరి మనకి? ఉందండీ! కాపీరైటు చట్టంలో 53ఏ అని ఒక సెక్షన్ 1994 సవరణతో చేర్చారు. మళ్లీ అమ్మినప్పుడు ధర పదివేలు దాటితే అందులో చిత్రకారుడికి వాటా. పది శాతం మించకూడదు. చట్టం పుస్తకంలో ఉంది. ఆ వాటా అందుకున్న చిత్రకారుణ్ని మాత్రం నేను ఇంతవరకు కలవలేదు. హుసేన్ బొమ్మ మాటంటారా, వేలం జరిగింది న్యూయార్క్‌లో. అక్కడ ఆ హక్కే లేదు.

అదే బొమ్మ అమ్మినప్పుడు మిగతావాళ్ల వాటాలు మాత్రం టంచనుగా వెళ్తాయి. వేలం సంస్థకి కమీషన్. జీఎస్టీ ఎలాగూ ఉంది. ఆ మధ్య 12 నుంచి 5 శాతానికి తగ్గించారు, సంతోషం. బొమ్మ రెండేళ్లు దాటాక అమ్మితే లాభంలో పన్నెండున్నర శాతం ఆదాయప్పన్ను శాఖది. ఆ గీతలతో ఏ సంబంధమూ లేని ప్రభుత్వానికి పన్నెండున్నర, గీసినవాడికి సున్నా. మన ఆర్థిక వ్యవస్థని ఇంతకన్నా పొట్టిగా చెప్పడం నాకు చేతకాదు.

దీనికి ఎదురు వాదన లేకపోలేదు. మా వాడే అన్నాడు, "ధర పడిపోతే ఆర్టిస్టు నష్టం పంచుకుంటడా బావా? అమ్మినంక అయిపాయె. రిస్కు నాది, లాభం నాది." నిజమే. ఈ చట్టం ఉన్న దేశాల్లో కూడా ఎక్కువ డబ్బు ముందే పేరున్నవాళ్లకి పోతుందని అనేవాళ్లున్నారు. కుర్రవాళ్ల బొమ్మలు మళ్లీ అమ్ముడైతే కదా వాటా రావడం! ఒప్పుకుంటాను. కానీ ఒక్కటి. కుర్రవాడు తన మొదటి బొమ్మని 1,400కి ఇచ్చేది అది చవకైనదని కాదు. ఆ నెల అద్దె కట్టాలి గనక. అవసరంలో ఉన్నవాడు అమ్మినదానికీ, అవసరం లేనివాడు అమ్మినదానికీ ఒకే మాట, 'అమ్మకం' అని వాడుతున్నాం. తిరకాసు అక్కడుంది.

భూమి విషయంలో ఈ తిరకాసుని చట్టం ఒక్కచోట ఒప్పుకుంది. 2013 భూసేకరణ చట్టంలో 102వ సెక్షన్ చూడండి. సర్కారు సేకరించిన భూమిని ఏ అభివృద్ధీ చెయ్యకుండా ఐదేళ్లలోపు వేరేవాళ్లకి ఎక్కువ ధరకి ఇస్తే, పెరిగిన విలువలో 40 శాతం పాత యజమానులకి పంచాలి. ఆ సెక్షన్ రాసినవాళ్లెవరో గానీ వాళ్లకి 'గ్రామ్ యాత్ర'లో రైతు చెయ్యి కనపడి ఉంటుంది. 

గ్యాలరీలో ఒక మూల నిచ్చెనేసుకుని ఒకాయన మేకు సరిచేస్తున్నాడు. అరవై దాటి ఉంటాయి. ఆయన చేతివాటం చూసి అడిగితే చెప్పాడు. ఒకప్పుడు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ థియేటర్లకి బ్యానర్లు రాశాడట. నలభై అడుగుల కటౌట్లు. "ఫ్లెక్సులొచ్చినయ్ సార్, మా పని ఒడిసిపాయె. ఇప్పుడు బొమ్మలు ఏలాడదీస్తున్న" అన్నాడు. కంప్లయింటులా చెప్పలేదు. ఊరి పేరు చెప్పినట్టు చెప్పాడు. ఆ రోజుల్లో కూలి ఎట్లా ఇచ్చేవాళ్లని అడిగాను. "అడుగు లెక్క" అన్నాడు.

గేదె నీడ బొమ్మ కొన్నాను. మూడు వాయిదాల మీద. బిల్లు రాస్తుంటే ఆ అమ్మాయిని ఒక మాట అడిగాను. ఈ బొమ్మ ఎప్పుడైనా మేం ఎక్కువ ధరకి అమ్మితే అందులో పదో వంతు వేసినావిడకి పంపుతామని బిల్లు మీద రాయొచ్చా అని. ఆ అమ్మాయి పెన్ను ఆపి చూసింది. "ఇంతవరకు ఎవరూ అడగలేదు సార్" అంటూనే రాసింది. నేను సంతకం పెట్టాను. చట్టం కోసం కాదు, రేపు మా పిల్లలు అమ్ముకుంటే వాళ్లకి గుర్తుండాలి కదా.

తిరుగుదారిలో మా వాడు ఎందుకో కోకాపేట మీదుగా తిప్పాడు. మాకది దారి కాదు. రాత్రి తొమ్మిదింటికి కూడా క్రేన్ల మీద లైట్లు వెలుగుతున్నాయి. కాసేపు ఏమీ మాట్లాడలేదు. 

ఒక సంగతి మీకు ముందే చెప్పాల్సింది. మా మామగారికి ఆ చుట్టుపక్కలే రెండెకరాలుండేది. జొన్న వేసేవారు. 1994లో అమ్మేశారు. ఎందుకు అమ్మారంటే, మా పెళ్లి ఖర్చులకి. ఈ ముప్పై ఏళ్లలో ఆ మాట మా వాడు నా ముందు ఎత్తలేదు. మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. టీవీలో కోకాపేట వేలం వార్త వచ్చినప్పుడు మాత్రం మా ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్తుంది. 

సిగ్నల్ దగ్గర కారు ఆపి, ముందుకే చూస్తూ అన్నాడు. 

"పది శాతం రాయించినవ్ గదా బావా. నాయిన అమ్మిన కాయితం మీద కూడా అట్ల ఎవరన్న రాసుంటే, ఇప్పుడు ఎంతొచ్చేదంటవ్?" 

చదరపు అడుగుల్లో ఏదైనా చిటికెలో లెక్కేసే మనిషి. ఆ ఒక్క లెక్క మాత్రం తను వెయ్యకుండా నన్ను అడిగాడు. నేనూ వెయ్యలేదు. వెనకసీట్లో బొమ్మ కదిలి తలుపుకి తగులుతుంటే, చెయ్యి వెనక్కి చాపి ఇంటిదాకా పట్టుకుని కూర్చున్నాను.